తల్లి విమానం కింద ఐదో పిన్ను

శాంతికుమార్ నోరు విప్పలేదు.

లాయరు గారు నానా తంటాలు పడి నాకు పదిహేను నిమిషాల అనుమతి తెచ్చారు. గురువారం పొద్దున్న ఎనిమిదిన్నరకి పోలీసు లాకప్పు గదిలోకి పంపారు. ఎనిమిదీ ముప్పై తొమ్మిది వరకూ అతను గోడ మీది స్విచ్‌బోర్డును చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండుకొచ్చింది. సాయంత్రం నాలుగూ పదికి ఇతన్ని ఆమదాలవలసలో రైలెక్కించి ఢిల్లీ తీసుకుపోతారు. దేశద్రోహం కేసు. ఆ రైలు కదిలిందంటే భార్య షాలిని ఇతని మొహం మళ్లీ ఎప్పుడు చూస్తుందో ఎవరూ చెప్పలేరు. ఈయన మాత్రం తాపీగా స్విచ్‌లు లెక్కపెడుతున్నాడు.

నా పేరు దుర్గాభవాని. పదకొండేళ్లుగా శ్రీకాకుళంలో ప్రైవేటు డిటెక్టివ్‌ని. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది గానీ నా పనిలో ముప్పాతిక వంతు పెళ్లికొడుకుల అలవాట్లు ఆరా తియ్యడమే. విమానాల కేసు నా గుమ్మం తొక్కడం ఇదే మొదలు. మంగళవారం షాలిని వచ్చి నా బల్ల ముందు నిలబడి, మా ఆయన పని తప్ప ఇంకోటి తెలియని మనిషి అని ఒకే మాట నాలుగుసార్లు చెప్పింది. ఏడవలేదు. అందుకే ఒప్పుకున్నాను.

కేసు ఇది. విజయనగరం అవతల యుద్ధకాలం నాటి పాత రన్‌వే ఒకటుంది. నాలుగేళ్లుగా అక్కడ సైన్యం కోసం ఒక ప్రయోగం నడుస్తోంది. నాలుగు ఇంజన్ల పెద్ద బాంబర్ పొట్ట కింద చిన్న ఫైటర్ విమానాన్ని తగిలించి పైకి తీసుకుపోతారు. చిన్నదానికి దూరాభారం పోయేంత ఇంధనం పట్టదు కనక పెద్దది మోసుకెళ్లి వదులుతుంది. పని ముగించుకుని అది మళ్లీ గాల్లోనే వచ్చి తగులుకోవాలి. కొత్త ఆలోచనేం కాదు. తొంభై ఏళ్ల కిందటే రష్యావాళ్లు బాంబర్ రెక్కల కింద ఫైటర్లను వేలాడదీసి ఎగరేశారు. అమెరికావాళ్లు కూడా మొదలుపెట్టి, గాలి సుళ్లలో మళ్లీ తగిలించడం తలకు మించిన పనై వదిలేశారు. మనవాళ్లు దాన్నే మళ్లీ తలకెత్తుకున్నారు. ఫీల్డులో పెద్దదాన్ని అమ్మ అంటారు. చిన్నవి రెండున్నాయి, వాటిని పిల్లలంటారు. చుట్టుపక్కల ఊళ్లకి అది సంకపిల్ల ఇమానం.

మొన్న సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి అమ్మ మొదటి పిల్లతో ఎగిరింది. సరిగ్గా నలభై రెండు నిమిషాలకి, తొమ్మిదీ యాభై రెండుకి, భావనపాడు ఎదర సముద్రం మీద పిల్లను వదలబోయింది. ముందు కొక్కెం తెరుచుకుంది, వెనక కొక్కెం తెరుచుకోలేదు. పిల్ల తోక మీద వేలాడి, పదకొండు సెకన్లు కొట్టుకుని, తెగి నీళ్లలో పడింది. అందులోని పైలట్‌కి ఇరవై తొమ్మిదేళ్లు. శవం మర్నాడు దొరికింది.

నేల మీద ఉన్నంతసేపూ ఒక్కో పిల్ల వీపునా విడిగా ఉండే రెండు కొక్కేలు కదలకుండా నాలుగు పిన్నులు గుచ్చి ఉంచుతారు. ఒక్కో పిన్నుకీ ఒక ఎర్ర రిబ్బను. ఎగిరే ముందు నాలుగూ తీసి కంట్రోల్ టవర్లో బోర్డుకి తగిలించాలి. టెక్నీషియన్ శాంతికుమార్ తీశాడు, తగిలించాడు. నాలుగూ ఇప్పటికీ బోర్డు మీదే ఉన్నాయి. అంటే పిన్ను మర్చిపోలేదు, కావాలనే కొక్కేన్ని చెడగొట్టాడు అన్నారు. ఎందుకంటే వెనక కొక్కేన్ని ఆదివారం పదీ ఇరవైకి తనిఖీ చేసినట్టు షీటు మీద అతని సంతకం ఉంది. గేటు రిజిస్టరులో ఆదివారం అతని పేరు లేదు. దొంగచాటుగా కంచె దాటి వచ్చాడని ఢిల్లీ నుంచి దిగిన సెక్యూరిటీ అధికారి పృథ్వీరాజ్ తేల్చేశాడు.

నేను షాలినినీ చర్చివాళ్లనీ అడిగాను. ఆదివారం నెలలో మొదటి ఆదివారం, బాప్టిస్టు చర్చిలో బల్ల ఆరాధన, అందరికీ రొట్టె పంచే రోజు. శాంతికుమార్ సంఘపెద్దల్లో ఒకడు. పదింటి నుంచి పదకొండున్నర దాకా రొట్టె పళ్లెం పట్టుకుని వరస వరసకీ తిరిగింది అతనేనని నూట నలభై మంది చెబుతున్నారు.

ఆ మాటే అతనితో అన్నాను. "నువ్వు చర్చిలో ఉన్నావు. మరి షీటు మీద సంతకం ఎవరిది?"

"నాదే."

"నువ్వక్కడుంటే సంతకం ఒక్కటే నడుచుకుంటూ ఫీల్డుకి వెళ్లిందా?"

అప్పుడు మొదటిసారి నా వైపు చూశాడు. మూడు రాత్రుళ్లుగా నిద్ర లేని కళ్లు. తర్వాత తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"ఆ సేత్తోనే రొట్టె పట్టుకున్నాను మేడం," అన్నాడు. "ఇంకేటీ అడక్కండి."

మరి అడగనివ్వలేదు. కానిస్టేబులు తలుపు కొట్టాడు. నేను బయటకొచ్చి కారెక్కాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు. చెయ్యని నేరంలో ఇరుక్కున్నవాడు అలా మాట్లాడడు. చేసినవాడూ అలా మాట్లాడడు.

భావనపాడు చేరేసరికి పదీ యాభై. సముద్రంలో పోయిన కొక్కెం తెల్లారగట్ల ఒక వలకి తగిలిందని నాకు తెలిసినవాడొకడు ఎనిమిదింటికే చెప్పాడు. వల కూర్మమ్మది. అరవై దాటిన మనిషి, మొగుడు పోయాక బోటూ వలా తనే నడుపుతోంది. కొక్కెం ఆవిడ అరుగు మీద తడి వలలోనే చుట్టుకుని ఉంది. పృథ్వీరాజ్ మనుషులు తొమ్మిదింటికి వచ్చి చూసి, పెద్ద వ్యాను కోసం కబురు పెట్టి, ఒక కానిస్టేబుల్ని కాపలా ఉంచారు. ఆ కానిస్టేబులు ఎండకి తాళలేక పక్కింట్లో టీ తాగుతున్నాడు. కూర్మమ్మ నన్ను ఎగాదిగా చూసి, నువ్వు ఆ కిరస్తానీ బాబు తరపున వచ్చినావా అని అడిగింది. అవునన్నాను. అయితే తొందరగా చూసుకో అంది.

కొక్కెం మూరెడు పొడవుంది. దవడ మూసుకునే ఉంది. నేను నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి లోపలికి చూశాను. దవడ వెనకాల, బయటికి కనబడని చోట, చిటికెనవేలంత రంధ్రం ఒకటుంది. విమానం కూర్చేటప్పుడు వాడుకుని వదిలేసే రంధ్రం కాబోలు. అందులో ఒక పిన్ను వంగిపోయి ఇరుక్కుని ఉంది. ఎర్ర రిబ్బను లేదు, కంపెనీ ముద్ర లేదు. లేతు మిషను మీద కోసిన గీతలు ఇంకా ఉన్నాయి. బోర్డు మీద నాలుగూ ఉన్నాయి. ఇది ఐదోది.

పిన్ను తలకి నీలం నైలాను దారం చుట్టి, చివర ఒక ఉచ్చు వదిలి ఉంది. చూడ్డానికి వలదారంలాగే ఉంది. నేను కూర్మమ్మని పిలిచి ఈ ముడి మీవాళ్లదేనా అని అడిగాను. ఆవిడ వంగి, చీర చెంగుతో ఇసక తుడిచి, గోటితో ఉచ్చును కదిపి చూసింది.

"మాది కాదు తల్లీ. మా ముడి తడిస్తే బిగుస్తాది, కోస్తే గాని రాదు. ఇది పశువుల కాడి ముడి. పలుపుకేస్తారు సూడు, ఒక్క లాగు లాగితే జారిపోతాది."

ఒక్క లాగు లాగితే జారిపోయే ముడి. విమానాన్ని కూల్చాలనుకున్నవాడు పిన్ను ఎవరికీ అందకుండా గుచ్చుతాడు గానీ, లాగడానికి చేతికందేలా ఉచ్చు ఎందుకు వేస్తాడు? దీన్ని గుచ్చినవాడు తియ్యాలనే గుచ్చాడు. తియ్యడానికి మాత్రం రాలేదు.

ఫోనులో ఫోటోలు తీస్తుండగా వెనక జీపు ఆగింది. పృథ్వీరాజ్ దిగాడు. హైదరాబాదు మనిషి, నలభై ఐదేళ్లుంటాయి, చొక్కా మడత నలగదు, గొంతు లేవదు. గొంతు పెంచని మగవాళ్లంటే నాకు మొదట్నుంచీ చిరాకు.

"సాక్ష్యాన్ని తారుమారు చేస్తే మూడేళ్లు, దుర్గాభవాని గారూ," అన్నాడు. "ఫోను ఇవ్వండి."

ఇచ్చాను. ఇచ్చి, ముడి సంగతి చెప్పాను. అతను విన్నాడు. వినలేదనను. విని, పిన్ను లోపల పెట్టేటప్పుడు చేతిలోంచి జారిపోకుండా దారం కట్టుకుని ఉంటాడని కొట్టిపారేశాడు. బోర్డు మీద నాలుగు లెక్క సరిపోవాలి కనకే ఐదోది చేయించాడు, ఇంతకంటే రుజువేం కావాలి అన్నాడు. చేయించినవాడు శాంతికుమారేనని ఎవరు చెప్పారని నిలదీశాను. సంతకం చెప్పిందన్నాడు.

"ఈ పిన్ను సంగతి ఫీల్డులో చీఫ్‌కి చెప్పారా?"

చీఫ్ అంటే ప్రాజెక్టు అధిపతి మురళీమోహన్. పృథ్వీరాజ్ నవ్వాడు. "ఎవరికీ చెప్పలేదు. అక్కడ అందరూ నాకు అనుమానితులే. ఈ కొక్కెం ఢిల్లీలో ల్యాబుకి చేరేదాకా దీనిలో ఏముందో నాకూ మీకూ తప్ప తెలియకూడదు."

అక్కడితో వదిలిపెట్టాడా? లేదు. స్టేట్‌మెంటు రాయమని అరుగు మీదే కూర్చోబెట్టాడు. రాసింది బాగాలేదని రెండోసారి రాయించాడు. నన్ను వదిలేసరికి ఒంటిగంట కావస్తోంది, ఫోను మాత్రం అతని జేబులోనే ఉండిపోయింది. కావాలని గంటన్నర తినేశాడు పెద్దమనిషి. వ్యాను కొక్కేన్ని ఎత్తుకుపోయింది. కూర్మమ్మ చిరిగిన వల దులుపుకుంటూ ఆ బాబుని ఇడిపించుకో తల్లీ అంది.

గేటు రిజిస్టరు నకలు లాయరు గారు ముందే ఇచ్చారు. ఆదివారం లోపలికి వెళ్లింది ఏడుగురే. నలుగురు సెక్యూరిటీ వాళ్లు, ఒకరు టవర్లో పనిచేసే అమ్మాయి, ఒకడు వంటవాడు. ఏడో పేరు జగన్నాధం. సీనియర్ మెకానిక్కు, శాంతికుమార్ మావా అని పిలిచే మనిషి, ఆమదాలవలస పక్కన సొంత ఊళ్లో వరి పండిస్తాడు, ఆవులున్నాయి. మంగళవారం నుంచి మెకానిక్కులందరినీ పనికి రావద్దని ఇంటికి పంపేశారు. రెండున్నరకి నేను అతని పశువులశాల ముందు కారాపాను.

జగన్నాధం గడ్డి వేస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్లు, బక్కపలచటి మనిషి. నేనెవరో చెప్పగానే శాంతి ఎలాగున్నాడని అడిగాడు. అడిగిన గొంతు బాగాలేదు. ఆదివారం సంగతి ఎత్తితే నీళ్లు నమిలాడు. నాకేటీ తెల్దు, ఊడవడానికి ఎల్లినాను అన్నాడు. సీనియర్ మెకానిక్కు ఆదివారం పూట చీపురు పట్టడానికి నలభై మైళ్లకి పైగా వెళ్లాడట. నేను ఇంక మాట్లాడకుండా శాలలోకి నడిచి, చివరున్న ఆవు పలుపు చూశాను. నీలం నైలాను తాడు. ఉచ్చు పట్టుకుని ఒక్క లాగు లాగాను. ముడి జర్రున జారింది. ఆవు తలాడించి, నన్ను తోసుకుని, పెరట్లో బెండమొక్కల మీద పడింది.

అతను ఆవు వెనక పరుగెత్తలేదు. గడ్డిమోపు మీద కూర్చుండిపోయాడు.

"సముద్రంలో దొరికిందేటి?" అన్నాడు.

దొరికిందన్నాను. తర్వాత అతనే చెప్పుకుపోయాడు. నాలుగేళ్లుగా వాళ్లిద్దరికీ ఒక ఒప్పందం ఉంది. అరసవల్లిలో రథసప్తమి వచ్చిందంటే జగన్నాధం పని శాంతికుమార్ చేస్తాడు. ఆదివారాలు శాంతికుమార్ పని జగన్నాధం చేస్తాడు. ఎవరి పూజ వాళ్లకి అడ్డం రాకూడదు. కానీ తనిఖీ షీటు మీద జగన్నాధం సంతకం చెల్లదు, శాంతికుమార్‌కే ఆ అధికారం. అందుకని శనివారం సాయంత్రమే ఆదివారం షీటు మీద అతను సంతకం పెట్టేసి పోతాడు. ఆదివారం ఈయన చూస్తాడు, షీటు ఫైల్లో పెడతాడు. నాలుగేళ్లలో ఒక్కసారీ తేడా రాలేదు.

శనివారం రెండు పిల్లలనీ ఒక్కొక్కటిగా అమ్మకి తగిలించి ట్రాక్టరుతో లాగి చూశారు. పాత రన్‌వే, గతుకులు. వెనక కొక్కెం వెంట్రుకవాసి కదలడం జగన్నాధం కళ్లారా చూశాడు. చీఫ్‌కి చెబితే ఏమీ కాదు పొమ్మన్నాడు. మనసు ఊరుకోలేదు. నేల మీద పోతుండగానే పిల్ల జారి పడితే లోపల మనిషున్నాడు కదా అని, విజయనగరంలో లేతు దగ్గర పిన్నులు తీయించి ఆదివారం గుచ్చాడు. రిబ్బన్లు స్టోరువాళ్లు లెక్కపెట్టి ఇస్తారు కనక దొరకలేదు, పలుపుదారం కట్టాడు. ఆదివారం పనిచేసినందుకు సోమవారం అతనికి సెలవు. పొద్దున్న శాంతికుమార్‌కి చెబితే ఎగిరే ముందు మిగతావాటితో పాటు తీసేస్తాడు, అంతే కదా.

"పదకొండింటికి ఎగరాల్సింది," అన్నాడు జగన్నాధం. "ఎవరో పెద్దోళ్లు వచ్చినారని తొమ్మిదీ పదికే ఎగరేసినారు. ఆరింటికి శాంతికి ఫోను సేసినాను. అప్పటికే లోపలికి ఎల్లిపోనాడు, ఫోన్లు గేటు కాడ పెట్టేస్తారు. నాను బస్సెక్కి గేటు కాడికి ఎల్లీసరికి తొమ్మిదింపావు. నా తలమీద నుంచే పోయింది, శాంతి సూసి తీసేసే ఉంటాడనుకుని సూస్తూ నిలబడ్డాను."

మూడు రోజులుగా ఎందుకు నోరు మూసుకున్నావని అరిచాను. అరవకూడదు, నాకు తెలుసు. అయినా అరిచాను.

"శాంతి నా పేరు సెప్పేస్తాడనుకున్నాను. ఇయ్యాళ సెప్తాడు, రేపు సెప్తాడు. సెప్పుంటే బాగుణ్ణు గదమ్మా, ఆ కుర్రోడు పోయిన కాణ్నించి నాకు ముద్ద దిగడం లేదు."

నాకు కావలసింది దొరికింది. దేశద్రోహం లేదు, విదేశీ చెయ్యి లేదు. ఒకడి భయం, ఒకడి నమ్మకం, ఐదు నిమిషాల ఆలస్యం. దీన్ని కాగితం మీద పెట్టించి నాలుగులోపు స్టేషనుకి చేర్చాలని లెక్కలు వేసుకుంటూ, ఊరికే, మాట వరసకి, పిన్నులు ఎన్ని చేయించావని అడిగాను.

"రెండు. రెండో పిల్లకీ పెట్టినాను. అది పర్లేదులే, మనిషి పోయినాక ఇంక ఆరు మాసాలు ఎగరదు. హేంగరుకి సీలు ఏసీసినారు."

అతను ఆ మాట అంటుండగానే పైనుంచి మోత మొదలైంది. నేను పట్టించుకోలేదు. జగన్నాధం లేచి నిలబడ్డాడు. శాల దాటి పెరట్లోకి వెళ్లి, ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూశాడు. నాకైతే ఒక చుక్క మాత్రమే కనబడింది.

"అమ్మ," అన్నాడు. "ఒట్టి అమ్మ ఇలగ మూలగదు. సంకన పిల్ల ఉన్నాది."

వాచీ చూసుకున్నాను. మూడూ ఆరు. విజయనగరం అవతల నుంచి ఇక్కడికి పది పదకొండు నిమిషాలు పడుతుందన్నాడు. అంటే రెండూ యాభై ఐదుకి లేచింది. నలభై రెండు నిమిషాలు కలిపితే మూడూ ముప్పై ఏడు. నా ఫోను పృథ్వీరాజ్ జేబులో ఉంది, జగన్నాధం ఫోను మంగళవారమే లాక్కున్నారు, ఫీల్డు నంబరు ఇద్దరికీ కంఠతా రాదు. నంబర్లన్నీ ఫోన్లకే వదిలేసిన బతుకులు మావి. స్టేషను పది నిమిషాల దూరం. పృథ్వీరాజ్ అక్కడే ఉంటాడు. జగన్నాధాన్ని రెక్క పట్టుకుని కార్లోకి తోశాను.

మూడూ పదిహేడుకి ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. బెంచీ మీద శాంతికుమార్, చేతులకు సంకెళ్లు, ఇద్దరు కానిస్టేబుళ్లు. నాలుగడుగుల దూరంలో టిఫిను క్యారియరు పట్టుకుని షాలిని. దగ్గరికి రానివ్వలేదట. పృథ్వీరాజ్ నన్ను చూసి వాచీ చూసుకున్నాడు, వీడ్కోలు చెప్పడానికి తొందరగా వచ్చేశారే అన్నాడు. నేను మూడు ముక్కల్లో చెప్పాను. పిన్ను ఇతను పెట్టాడు, రెండో పిల్లకీ పెట్టాడు, రెండో పిల్ల ఇప్పుడు గాల్లో ఉంది.

"హేంగరు సీలు నేను నా చేత్తో వేశాను," అన్నాడు పృథ్వీరాజ్.

"అయితే ఎవరో వాళ్ల చేత్తో తీశారు. ఫోను చెయ్యండి. నన్ను తర్వాత జైల్లో పెట్టుకుందురు గాని."

జగన్నాధం మొహంలో ఏం చూశాడో గానీ ఫోను తీశాడు. టవరుకి కలిపి, స్పీకరు పెట్టాడు. టవర్లో అమ్మాయి అవును సార్, రెండూ యాభై ఐదుకి టేకాఫ్ అయింది, పొద్దున్నే చీఫ్ గారు పైనుంచి అనుమతి తెప్పించి సీలు తీయించారు, ఢిల్లీ అతిథులు గ్యాలరీలో ఉన్నారు, పిన్నులు నాలుగూ బోర్డు మీద ఉన్నాయి అని పాఠం అప్పగించినట్టు చెప్పింది. పృథ్వీరాజ్ చెవులు ఎర్రబడ్డాయి.

"వెనక కొక్కెం తనిఖీ షీటు ఉందా? సంతకం ఎవరిది?"

కాగితం తిప్పిన చప్పుడు. "ఉంది సార్. తేదీ ఈరోజుది. సంతకం..." ఆమె ఆగిపోయింది. "శాంతికుమార్ గారిది సార్."

సోమవారం రాత్రి నుంచీ కస్టడీలో ఉన్న మనిషి సంతకం. పృథ్వీరాజ్ మెల్లగా తల తిప్పి బెంచీ వైపు చూశాడు. శాంతికుమార్ కళ్లు మూసుకున్నాడు. శనివారం రెండు షీట్ల మీద పెట్టానని, రెండోదాని మీద తేదీ ఖాళీగా వదిలానని చెప్పాడు. ఆ ఖాళీ ఎవరు నింపారో మాకెవరికీ వేరే చెప్పనక్కర్లేదు.

మూడూ ఇరవై నాలుగు. మురళీమోహన్ లైనులోకి వచ్చాడు. పృథ్వీరాజ్ పిన్ను సంగతి చెప్పి వెంటనే ఆపమన్నాడు. ఆయన వినిపించుకోలేదు. మూడు రోజులు నా మనుషుల్ని దొంగల్లా చూశావు, ఇప్పుడు ఆవులు కాసుకునే జగన్నాధం మాట పట్టుకొచ్చి అతిథుల ముందు నా ప్రాజెక్టును చంపమంటావా అన్నాడు. అలాంటి పిన్ను ఉంటే నాకెందుకు చెప్పలేదని అడిగాడు. పృథ్వీరాజ్ ఆపమని మళ్లీ అన్నాడు, ఈసారి గొంతు లేచింది. నాకా పెద్దమనిషి మీద అంతవరకూ లేని జాలి కలిగింది. ఎగిరిన విమానం మీద సెక్యూరిటీవాళ్లకి అధికారం లేదని చెప్పి చీఫ్ పెట్టేశాడు. ఢిల్లీకి చేస్తే లైను కలవలేదు. మళ్లీ చేశాడు, మళ్లీ కలవలేదు. మూడూ ఇరవై తొమ్మిది.

"సార్," అన్నాడు శాంతికుమార్. "నేను ఆపగలను."

రూలు అతనే చెప్పాడు. షీటు మీద సంతకం పెట్టినవాడు పిల్లను వదిలే నిమిషం దాకా ఎప్పుడైనా తన సంతకాన్ని వెనక్కి తీసుకోవచ్చు. టవరు రికార్డు లైనులో పేరు చెప్పి, కారణం చెప్పాలి. ఆ మాట నమోదయ్యాక చీఫ్ కాదు గదా, ఎవడూ వదలమనడానికి వీల్లేదు.

రికార్డు లైను అనగానే నాకు విషయం అర్థమైంది. నేను అతని తరపు మనిషిని, అది చెప్పడం నా బాధ్యత. జగన్నాధం వాంగ్మూలంతో దేశద్రోహం ఎగిరిపోతుంది, నువ్వు చర్చిలో ఉన్నావు, చెడగొట్టలేదు. కానీ చూడకుండా సంతకం పెట్టానని నీ నోటితో రికార్డు మీద చెబితే, అది రేపు నీ మెడకే చుట్టుకుంటుంది అన్నాను. షాలిని అప్పటికే దగ్గరికొచ్చేసింది. ఈసారి కానిస్టేబుళ్లు ఆపలేదు.

"వద్దు," అంది. "జగన్నాధం మావ సెప్తాడు. ఇంకెవరైనా సెప్తారు. నువ్వు సెప్పొద్దు."

"ఇంకెవరు సెప్పినా ఆగదు, షాలినీ."

"పిల్లలకి నానేటి సెప్పాలి?"

అతను సంకెళ్లతోనే రెండు చేతులూ చాపాడు. పృథ్వీరాజ్ టవరుకి కలిపి ఫోను ఆ చేతుల్లో పెట్టాడు. మూడూ ముప్పై రెండు. టవర్లో అమ్మాయి రూలు ప్రకారం ఒక్కొక్కటే అడిగింది. పేరు, ఉద్యోగం, షీటు నంబరు, చివరికి కారణం.

"సూడకుండా సంతకం పెట్టినాను," అన్నాడు శాంతికుమార్. "వెనక కొక్కెంలో ఐదో పిన్ను ఉన్నాది. పిల్లని వదలొద్దు."

అటు పక్క కీబోర్డు చప్పుళ్లు, ఎవరో కేకలు వెయ్యడం, చీఫ్ గొంతే అయ్యుంటుంది. ఎదర ప్లాట్‌ఫారం మీద గూడ్సు బండి ఒకటి ఆగకుండా పోతోంది. నేను వాచీలో ముల్లు తప్ప ఇంకేమీ చూడలేదు. మూడూ ముప్పై ఐదు దాటి ఇరవై సెకన్లకి ఆమె మళ్లీ లైనులోకి వచ్చింది. నమోదైంది, వదలడం రద్దు, అమ్మ పిల్లతోనే వెనక్కి తిరుగుతోంది అంది. జగన్నాధం ప్లాట్‌ఫారం మీదే చతికిలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

పృథ్వీరాజ్ ఫోను కోసం చెయ్యి చాపాడు. శాంతికుమార్ ఇవ్వలేదు.

"ఇంకోటి కూడా రాసుకో అమ్మా," అన్నాడు ఫోనులోకి. "సోమవారం ఎగిరినదాని షీటు మీద కూడా సూడకుండానే పెట్టినాను. ఆ పైలట్ బాబు నా సంతకం సూసి ఎక్కినాడు."

ఆ మాట అతన్ని ఎవరూ అడగలేదు. రెండో విమానం ఆగడానికి అది అక్కర్లేదు కూడా. నేను అతన్ని ఆపడానికి నోరు తెరిచేలోపే అయిపోయింది. అటు పక్క ఆమె మళ్లీ కీబోర్డు కొట్టింది. తర్వాత, నమోదైంది సార్, అంది.

నాలుగూ రెండుకి ఫీల్డు నుంచి ఫోను వచ్చింది. దిగింది, పైలట్ క్షేమం, కొక్కెం లోపల టార్చి వేస్తే పిన్ను ఉంది. పృథ్వీరాజ్ చీఫ్‌ని గది దాటి కదలనివ్వొద్దని చెప్పి, ఢిల్లీ కాగితాలు నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నాడు. శాంతికుమార్ సంకెళ్లు విప్పించాడు. విప్పించి, నా వైపు చూడకుండా, ఇతను ఇంటికి మాత్రం వెళ్లడానికి లేదండీ, ఇప్పుడు విజయనగరం తీసుకెళ్లాలి, నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోయిన కేసు పెట్టాలి అన్నాడు. నా ఫోను నా చేతిలో పెట్టాడు.

షాలిని నన్ను పెట్టుకున్నది దేశద్రోహం కేసు తప్పించడానికి. అది తప్పింది. రైలు వచ్చి, ఎవరినీ ఎక్కించుకోకుండా మా ముందు రెండు నిమిషాలు ఆగి, వెళ్లిపోయింది. ఆవిడ టిఫిను క్యారియరు మూత తీసి మొగుడి ఒళ్లో పెట్టి, చల్లారిపోయింది, తిను అంది. అతను తినడం మొదలెట్టాక నా దగ్గరికొచ్చింది.

"ఎన్నేళ్లు ఏస్తారు మేడం?"

తెలియదని చెప్పాను.